ఫ్రెండ్స్‌తో కుకింగ్, కాక్‌టెయిల్ డెమో క్లాస్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూస్కోండి

– హైదరాబాద్‌లో అయితే అందరికీ 21 నిండాలి, ఐడీ కార్డులు మర్చిపోవద్దు.

– ఖాళీ కడుపుతో అస్సలు వద్దు, వంట డెమో అయ్యి ప్లేట్ మన చేతికొచ్చేలోపే టేస్టింగ్ గ్లాసులు తిరిగేస్తాయి కాబట్టి పెరుగన్నమో ఇడ్లీయో తినేసి బయల్దేరండి.

– బండ్లు ఇంట్లోనే పెట్టేయండి, 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే కేసే, మొదటిసారికే 10,000 రూపాయల దాకా ఫైన్, 6 నెలల దాకా జైలు కూడా పడొచ్చు, "కొంచెమే కదరా" అనేవాడి దగ్గర తాళాలు ముందే తీస్కోండి.

– జీడిపప్పు, రొయ్యలు పడనివాళ్లు బుకింగ్ అప్పుడే చెప్పాలి. విస్కీ సోర్ అనే కాక్‌టెయిల్‌లో చాలామంది పచ్చి తెల్లసొన వేస్తారు, గుడ్డు తిననివాళ్లు అడగండి.

– మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ వాడుతుంటే ఆల్కహాల్ ముట్టొద్దు. తాగనివాళ్లని బలవంతం చెయ్యకండి ప్లీజ్.

– స్టవ్ దగ్గర చున్నీ, విరబోసిన జుట్టు వద్దు.