మార్చిలో యాకిమా ఏట్లోకి దిగేముందు

సియాటిల్‌లో నెలల తరబడి ముసురు పట్టి, మార్చిలో ఒక్క శనివారం ఎండ కాస్తే చాలు, మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "యాకిమా పోదామా" మొదలవుతుంది, ఆ ఏట్లో చేపలు పట్టడానికి. వెళ్ళండి, నేను వద్దనను. ట్రౌట్ చేపలు తినే స్క్వాలా పురుగు బయటికొచ్చేది ఈ రోజుల్లోనే, ట్రౌట్ పైకొచ్చి ఫ్లైని, అంటే పురుగులా కట్టిన గాలాన్ని, అందుకోవడం చూడాలంటే ఇదే అదను. కాకపోతే బయట 60 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందని స్వెట్టర్ తీసేసిన రోజు కూడా నీళ్ళు 40, 45 దగ్గరే ఉంటాయి.

రెండేళ్ళ కిందట ఎలెన్స్‌బర్గ్ దిగువన కాన్యన్‌లో నేను పడింది మోకాలి లోతులో. చేజారిన ఫ్లై డబ్బా కోసం ఒక అడుగు పక్కకి వేశాను, కాలికింద నాచు పట్టిన గుండ్రాయి దొర్లింది, అంతే. చల్లదనానికి నోరు దానంతటదే తెరుచుకుని గాలితోపాటు నీళ్ళూ మింగాను. ఒడ్డుకొచ్చాక కారు తాళం బటన్ నొక్కడానికి బొటనవేలు వంగలేదు, పళ్ళతో నొక్కాను.

అందుకే చెప్తున్నా, వేడర్స్ (నీళ్ళు లోపలికి రాకుండా ఛాతీ దాకా వేసుకునే తొడుగు) పైన బెల్టు బిగించకుండా నీళ్ళలో కాలు పెట్టొద్దు. చేతికర్ర ఉండాలి, లోతు తొడ దాటకూడదు, ఒక కాలు కుదురుకున్నాకే రెండోది కదపాలి. లోపల జీన్స్ వద్దు, ఉన్నిదో ఫ్లీస్‌దో వేసుకోండి. పడితే ప్రవాహంలో లేచి నిలబడే ప్రయత్నం చేయకండి, కాలు రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువకి పెట్టి, మొదటి నిమిషం ఊపిరి మీదే ధ్యాస పెట్టండి. చేతులు మాట వినేది ఆ తర్వాత ఓ పది నిమిషాలే. వేడర్స్‌లో నీళ్ళు నిండితే అడుక్కి లాగేస్తాయన్నది అపోహ, నీళ్ళలో నీళ్ళకి బరువేముంది, అసలు కష్టం ఒడ్డెక్కేటప్పుడు. పొడి బట్టలు ఒక సంచీలో కారు సీటు మీదే ఉంచండి.

వెచ్చటి రోజుల్లో మంచు కరిగి టియానవే అనే ఉపనది నుంచి బురద నీళ్ళు దిగుతాయి. బయల్దేరేముందు ఆన్‌లైన్‌లో నీటిమట్టం చూడండి, గ్రాఫ్‌లో గీత పైకి పోతుంటే ఆ రోజు ఒడ్డునుంచే విసరండి. నీళ్ళంచున ఒక రాయి గుర్తు పెట్టుకోండి, అది మునిగితే బయటికి వచ్చేయాల్సిందే.

సరస్సులైతే లెనీస్ లాంటివి మార్చి 1నే తెరుస్తారు. అక్కడ ప్రమాదం గాలి. ఫ్లోట్ ట్యూబ్‌లో (గాలి నింపిన తేలే సీటులో) కూర్చున్నవాడిని పొద్దెక్కాక అవతలి ఒడ్డుకి తోసేస్తుంది, కాళ్ళకి తొడుక్కున్న ఫిన్స్‌తో ఎంత తన్నినా వెనక్కి రాలేరు. గాలి వచ్చే వైపు ఒడ్డుకి దగ్గరగా ఉండండి. లైఫ్ జాకెట్ వేసుకోండి, పక్కన పెట్టుకోవడం కాదు.

కళ్ళద్దాలు లేకుండా విసరొద్దు, గాలికి ఫ్లై మన మొహం మీదకే వస్తుంది. పొదల్లోంచి నడిచొచ్చాక పిక్కల మీద, మెడ వెనక పిడుదులు చూసుకోండి, ఏప్రిల్‌కల్లా రాటిల్‌స్నేక్‌లూ ఎండకి వస్తాయి. దారిలో వచ్చే స్నోక్వాల్మీ పాస్‌లో మార్చిలోనూ మంచు పడుతుంది కాబట్టి టైర్లకి వేసే చెయిన్లు డిక్కీలో ఉండనివ్వండి.

పులుసు ఆశ మాత్రం వదులుకోండి, ఈస్టన్ డ్యామ్ నుంచి రోజా డ్యామ్ దాకా ట్రౌట్‌ని పట్టి వదిలేయాల్సిందే, గాలానికి వెనక్కి వంగే ముల్లు ఉండకూడదు. ఏటి అడుగున శుభ్రంగా, తెల్లగా కనబడే గులకరాళ్ళ మడి తొక్కకండి, గుడ్లుంటాయి. అన్నట్టు ఫిషింగ్ లైసెన్స్ మార్చి 31తో అయిపోతుంది, ఏప్రిల్ మొదటి వారం ట్రిప్ అనుకున్నవాళ్ళు కొత్తది ముందే కొనుక్కోండి.