నారా దుప్పుల దగ్గరికి వెళ్ళేవారికి

జపాన్‌లోని ఒసాకాలో కాపురముంటున్న మాలాంటి తెలుగు కుటుంబాలు, ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు వారిని తప్పకుండా తీసుకువెళ్ళే చోటు పక్కనే ఉన్న నారా నగరం. ఒసాకాలోని నాంబా స్టేషన్‌లో కింతెత్సు అనే ప్రైవేటు కంపెనీ రైలెక్కితే సుమారు 40 నిమిషాల ప్రయాణం. స్టేషన్ దాటి తూర్పు వైపు కాస్త నడిచేసరికే కాలిబాట పక్కన దుప్పులు కనిపిస్తాయి. వాటికీ మనకూ మధ్య కంచె ఉండదు. మనం వాటి దగ్గరికి వెళ్ళేలోపే అవి మన దగ్గరికి వచ్చేస్తాయి. తోడుగా వచ్చినవారికి ప్రతిసారీ నోటితో చెప్పే జాగ్రత్తలను ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇవి ఎవరో పెంచుతున్న జంతువులు కావు. నారా పార్కులోనూ దాని చుట్టుపక్కలా 1,300కు పైగా ఉన్న ఈ దుప్పులు యజమాని అంటూ లేని అడవి జంతువులు. జపాన్ ప్రభుత్వం 1957లో వీటిని సహజ స్మారక సంపదగా ప్రకటించి చట్టపరమైన రక్షణ కల్పించింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే వీటికి మతం రక్షణగా నిలిచింది. 768లో వెలసిన కసుగా ఆలయంలోని దేవుడు తెల్ల దుప్పినెక్కి ఇక్కడికి వచ్చాడని స్థలపురాణం చెబుతుంది కనుక, వీటిని దైవదూతలుగా భావించి, చంపడాన్ని ఘోరమైన నేరంగా చూశారు. తరతరాలుగా మనుషుల మధ్యే తిరిగిన జంతువుకు మనిషంటే భయం పోయింది. అయితే భయం పోవడం వేరు, మచ్చిక కావడం వేరు. మన పెరటి ఆవు మన మాట వింటుంది, అదిలిస్తే ఆగుతుంది. నారా దుప్పి మన పక్కనే నిలబడుతుంది గాని మన మాట వినదు. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

వీటిని జింకలని పిలవడం మనకు అలవాటే గాని, దుప్పులనడమే సరైనది. కృష్ణజింక కొమ్ములు జీవితాంతం ఉంటాయి. మన చుక్కల దుప్పిలాగే ఈ జపాను దుప్పి కూడా కొమ్మలుగా చీలిన కొమ్ములను ఏటా రాల్చి మళ్ళీ మొలిపించుకుంటుంది. వేసవిలో ఒంటి మీద తెల్లని చుక్కలుంటాయి, చలికాలానికి అవి మాసిపోయి ముదురు గోధుమరంగు వస్తుంది.

పార్కులోకి అడుగుపెట్టే ముందే చేతిసంచిని సర్దుకోవాలి. తినే వస్తువు ఏదైనా జిప్ ఉన్న సంచిలో, లోపలికి పెట్టాలి. చేతిలో కాగితాలు, మ్యాపులు, రైలు టికెట్లు పట్టుకొని నడవకూడదు, ఎందుకంటే కాగితం కనిపిస్తే అవి నోట పెట్టుకుంటాయి. వేలాడే చున్నీలు, పైట చెంగులు దగ్గరికి లాక్కుని దోపుకోవాలి. ఒకసారి మా అత్తగారు తోదాయ్‌జీ బౌద్ధాలయ ద్వారం ముందు నిలబడి ఫోటో దిగుతుండగా ఒక ఆడదుప్పి వెనక నుంచి వచ్చి ఆమె పట్టుచీర చెంగును నోట కరచుకుంది. నేను కంగారుపడి రెండో కొసను లాగాను. అది నా తప్పు. లాగేకొద్దీ దుప్పి మెడ బిగించింది, జరీ అంచు చిరిగింది. దుప్పికి పై దవడలో ముందు పళ్ళుండవు. కింది పళ్ళను పై చిగురుకు అదిమి గడ్డిని తెంపుకున్నట్టే గుడ్డను కూడా అదిమి పట్టుకుంటుంది. అలాంటప్పుడు లాగకుండా, గుడ్డను వదులుగా ఉంచి ఒక అడుగు దాని వైపే వేస్తే, రుచి లేదని తెలిసి అదే వదిలేస్తుంది.

వీటికి మనం పెట్టదగినది ఒక్కటే, పార్కులో అమ్మే షికా సెంబే బిస్కెట్. బియ్యపు తవుడు, గోధుమపిండి కలిపి చక్కెర లేకుండా చేస్తారు. చుట్టిన కాగితపు పట్టీ కూడా దుప్పి తిన్నా హాని లేనిదే. వాటి అమ్మకంలో కొంత భాగం దుప్పుల సంరక్షణకు వెళుతుంది. అమ్మే బల్ల మీదున్న కట్టల జోలికి దుప్పులు సాధారణంగా రావు. డబ్బిచ్చి కట్టను చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి మాత్రం వాటి చూపంతా మన మీదే. అందుకే కొన్నచోటే కట్ట విప్పకుండా, గుంపు పలచగా ఉన్న చోటికి నడిచి, వీపుకు చెట్టో గోడో ఆనుకునేలా నిలబడి ఒక్కొక్క బిస్కెట్ తీసి వెంటనే ఇచ్చేయాలి. ఊరించకూడదు. చూపించి వెనక్కి తీసుకోవడం, తల పైకెత్తేలా ఎత్తులో పట్టుకోవడం, ఫోటో కుదిరేదాకా ఆపడం, ఇవన్నీ పొట్టలో పొడుపుకో తొడ మీద కాటుకో దారితీస్తాయి. అయిపోయాక రెండు అరచేతులూ తెరిచి చూపించాలి. ఖాళీ చేతులను అవి గుర్తుపడతాయి. కాసేపు వాసన చూసి పక్కవారి వైపు తిరుగుతాయి.

తల వంచి నమస్కరిస్తున్నట్టు అవి చేసే సైగను చూసి అందరూ మురిసిపోతారు. నేనూ మురిసిపోతాను. ఆ సైగ తిండి అడగడం, మనుషుల నుంచి ఫలితం వస్తుందని అవి నేర్చుకున్నది. ఒకటి రెండుసార్లు వంచగానే ఇచ్చేయడం మర్యాద. పదేపదే వంచుతూ, చెవులు వెనక్కి వాల్చి, ముందు కాలితో నేలను తట్టుతున్నదంటే దాని ఓపిక తీరిందని అర్థం. వంచిన తలే పొడవడానికి సిద్ధమైన తల కూడా. అప్పుడు పరుగెత్తకుండా, కేకలు వేయకుండా, దానికి వీపు చూపకుండా మెల్లగా పక్కకు జరగాలి. కరవడం, తన్నడం, పొడవడం, పడదోయడం అని నాలుగు బొమ్మలతో పార్కు నిండా పెట్టిన హెచ్చరిక బోర్డులను ఫోటో తీసుకొని సాగిపోవద్దు, నిలబడి చదవండి.

పిల్లలతో వెళ్ళేవారు మరింత మెలకువగా ఉండాలి. మూడేళ్ళ పిల్ల ముఖం సరిగ్గా దుప్పి ముఖం ఎత్తులో ఉంటుంది. బిస్కెట్ కట్టను పిల్లల చేతికి ఇవ్వకుండా పెద్దవారు పట్టుకొని, పిల్లను పక్కన నిలబెట్టుకొని, ఒక్కొక్కటే అందించి తినిపించాలి. గుంపు చేరితే పిల్లను ఎత్తుకొని, బిస్కెట్లను దూరంగా గడ్డిలో వేసి తప్పుకోవడమే మంచిది.

కాలాన్ని బట్టి వాటి స్వభావం మారుతుంది. మే నుంచి జులై దాకా ఈనే కాలం. పొదల నీడలో కదలకుండా ముడుచుకొని ఉన్న కూనను చూసి తల్లి వదిలేసిందని అనుకోవద్దు. తల్లి దాన్ని దాచిపెట్టి మేతకు వెళ్ళి ఉంటుంది. కూనను ముట్టుకుంటే మనిషి వాసన అంటి తల్లి పాలివ్వకపోవచ్చు, దగ్గరలో ఉంటే మన మీదికి దూకవచ్చు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా జతకట్టే కాలం, అప్పుడు మగవి చాలా ఉద్రేకంగా ఉంటాయి. ప్రమాదం తగ్గించడానికి వాటి కొమ్ములను కోసే ఆచారం 17వ శతాబ్దం నుంచీ సాగుతోంది. అయినా అన్నిటివీ కోయలేరు కనుక, ఆ నెలల్లో కొమ్ములున్న మగదుప్పికి తిండి పెట్టకపోవడమే మేలు. నన్నడిగితే చలికాలపు ఉదయం అన్నిటికంటే మంచి సమయం, జనం తక్కువ, దుప్పులు నిదానంగా ఉంటాయి.

ఇక చెత్త విషయం. 2019లో కొద్ది నెలల వ్యవధిలో చనిపోయిన 14 దుప్పులను పరీక్షిస్తే తొమ్మిదింటి కడుపులో ప్లాస్టిక్ కనిపించింది. ఒకదానిలో అది 4.3 కిలోల ముద్ద. దుప్పి నెమరువేసే జంతువు, దాని మొదటి పొట్టలోకి చేరిన ప్లాస్టిక్ కవరు కదలదు, కరగదు. కడుపు నిండినట్టే ఉండి జంతువు బక్కచిక్కి చచ్చిపోతుంది. మన ఊళ్ళలో చెత్తకుప్పల దగ్గర ఆవులకు జరుగుతున్నదీ ఇదే, చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది. కాబట్టి చిప్స్ కవరు, ఒనిగిరి (జపాను అన్నపు ముద్ద) మీది ప్లాస్టిక్ పొర, ఏదైనా సరే, మూటకట్టి ఇంటికే తెచ్చుకోవాలి. ప్రేమతోనైనా సరే రొట్టె, పులిహోర, పండ్లు పెట్టకూడదు. గడ్డి, చెట్ల కింద రాలిన గింజలు వాటి అసలు తిండి; బిస్కెట్ చిరుతిండి మాత్రమే.

తిరిగి వచ్చేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దుప్పుల ఒంటి మీద పిడుదులుంటాయి, కనుక గడ్డిలో కూర్చున్నవారు మడమలు, మోకాళ్ళ వెనక చూసుకోవాలి. కాటు పడి చర్మం చిట్లితే సబ్బు నీటితో బాగా కడిగి డాక్టరుకు చూపించాలి. జపాన్‌లో దశాబ్దాలుగా రేబిస్ లేదు గాని ఆ నిశ్చింతను ఇండియాకు తీసుకువెళ్ళవద్దు. అక్కడ క్యాంపస్‌లోనో పార్కులోనో దుప్పి కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా విషయం అడగాలి.

కారులో వచ్చినవారికి ఇంకొక్క మాట. చీకటి పడే వేళ దుప్పులు వరుసగా రోడ్డు దాటుతాయి, వాహనాల కింద పడి చనిపోయేవి ప్రతి ఏటా ఉంటాయి. ఒకటి దాటిందని వెంటనే కదలకుండా, వెనక వచ్చే కూన కోసం ఆగండి.