అద్దె ఇంటిని ఇంకొకరికి ఇచ్చే ముందు

ఆరు నెలలు వేరే ఊరు వెళ్తూ, ఇల్లు వదులుకోకుండా స్నేహితుడికి అప్పగిద్దామనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి.

• మీ ఒప్పందం తీసి ప్రతి పేజీ చదవండి. ‘ఇతరులకు అద్దెకు ఇవ్వరాదు’ అన్న షరతు మన కన్ను పడని మూలనే ఉంటుంది.

• అలాంటి షరతు లేకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఇవ్వవచ్చు. కానీ మీ బాధ్యత తీరదు. అతను అద్దె ఎగ్గొట్టినా, తలుపు విరగ్గొట్టినా యజమాని మిమ్మల్నే అడుగుతారు. రాష్ట్రాల అద్దె చట్టాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు. అందుకే రాతపూర్వక అనుమతి తీసుకోండి. మెట్ల మీద ‘సరేలే బాబూ’ అన్న మాటను నమ్ముకోవద్దు.

• మీ గడువు దాటి అతనికి గడువు ఇవ్వకండి.

• స్నేహితుడైనా అడ్వాన్సు తీసుకోండి. మొహమాటం ఇక్కడే ఖరీదు.

• తాళాలు ఇచ్చే రోజు కరెంటు మీటరు రీడింగు, గోడల మీది మరకలు, పగిలిన టైలు తేదీతో ఫొటో తీసి యజమానికి, స్నేహితుడికి ఇద్దరికీ పంపండి.

• అపార్టుమెంటు సంఘానికి, వాచ్‌మన్‌కు అతని పేరు చెప్పండి.