వీల్‌చైర్ ఎక్కే పాత వ్యాన్ కొనేముందు: కొలతలు, ర్యాంప్, పట్టీలు

అమెరికాలో కన్నవారి కోసమో బిడ్డ కోసమో వీల్‌చైర్ ఎక్కే పాత వ్యాన్ వెతికేవాళ్లు ఎక్కువగా మోడల్ ఏడాది, మైళ్లు, ధర చూసి బయల్దేరతారు. వాటికంటే ముందు ఇంట్లో టేపు తీయండి. మనిషిని రోజూ కూర్చునే తీరులోనే కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి నడినెత్తి దాకా ఎత్తు కొలవండి. హెడ్‌రెస్ట్ తలకంటే పైకి ఉంటే దాని ఎత్తే లెక్క. తర్వాత కుర్చీ వెడల్పు, కాలి వేళ్ల నుంచి వెనక చక్రాల దాకా పొడవు, మనిషీ కుర్చీ కలిపి బరువు. బ్యాటరీతో నడిచే పవర్ చైర్ ఒక్కటే 300 పౌండ్లు దాటడం మామూలే. కాబట్టి బరువును అంచనాకు వదిలేయకండి.

తలుపు ఎత్తు నడినెత్తి కొలతకంటే కనీసం 2 అంగుళాలు ఎక్కువుండాలి. ర్యాంప్ ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి వాలుతుంది, గడప దాటగానే ముందుకు ఊగుతుంది. మెడ పట్టు లేనివాళ్లకు ఆ ఊపులోనే తల తగులుతుంది.

ఈ ఎత్తు దగ్గరే బండి ఏ కాలానిదో తేడా తెలుస్తుంది. ఇండియానాకు చెందిన రాల్ఫ్ బ్రాన్ కండరాల జబ్బుతో తానే వీల్‌చైర్ వాడేవాడు. 1970లో డాడ్జ్ వ్యాన్‌కు లిఫ్ట్ అమర్చాడు. ఆ పెద్ద వ్యాన్ల ఫ్లోర్ చాలా ఎత్తు, అందుకే లిఫ్ట్ తప్పేది కాదు. 1984 మోడల్‌గా క్రైస్లర్ మినీవ్యాన్ వచ్చాక దారి మారింది. ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది కాబట్టి వెనక చక్రాలకు వెళ్లే షాఫ్ట్ ఫ్లోర్ కింద ఉండదు. ఫ్లోర్ కోసి కిందికి దించే వీలు అక్కడ దొరికింది. బ్రాన్ కంపెనీ 1991లో ఫ్లోర్ దించి, ర్యాంప్ పెట్టిన మినీవ్యాన్ తెచ్చింది. నేటికీ పద్ధతి అదే. ఫ్లోర్ ఎంత దించారన్నదే తేడా: కొన్నింట్లో 10 అంగుళాలు, కొన్నింట్లో 14. పొడుగు మనిషికి ఆ నాలుగు అంగుళాలే ముఖ్యం. మొదటి నుంచీ వీల్‌చైర్ కోసమే తయారైన ఎంవీ-1 వ్యాన్ కూడా పాత బండ్లలో కనిపిస్తుంది. దాని తయారీ 2016లో ఆగిపోయింది. విడిభాగాల సంగతి తేలాకే బేరమాడండి.

ఫ్లోర్ కోసిన బండిని కింద నుంచి చూడకుండా కొనకూడదు. న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్ లాంటి చోట్ల చలికాలంలో రోడ్లపై ఉప్పు చల్లుతారు. కొత్త ఫ్లోర్‌ను పాత బాడీకి వెల్డింగ్ చేసిన అతుకుల్లో తుప్పు మొదలవుతుంది. బండిని హాయిస్ట్ మీద ఎత్తించి ఆ అతుకులు, దారి మార్చి వేసిన సైలెన్సర్ పైపు, బ్రేక్ పైపులు చూడాలి. పెయింట్ ఉబ్బిన చోట స్క్రూడ్రైవర్‌తో నొక్కండి, దిగబడితే ఆ బండి వద్దు. పొట్ట నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి స్పీడ్ బ్రేకర్లు తగిలిన గీతలు ఉంటాయి. గీతలు ఫర్వాలేదు, సొట్టలు కాదు. మార్పుల తర్వాత బండి ఎంత బరువు మోయగలదో తెలిపే లేబుల్ కూడా వెతికి చదవండి.

ర్యాంప్ రెండు రకాలు. మడిచి నిలబెట్టేది తలుపు దగ్గర చోటు తింటుంది, ప్రయాణంలో గలగలమంటుంది, కానీ బాగుచేయడం తేలిక. ఫ్లోర్ లోపలికి జారేది చూడ్డానికి శుభ్రం, కానీ మట్టి, మంచు, ఉప్పు దాని గాడిలోకి చేరి మధ్యలో ఇరుక్కుంటుంది. మంచు పడే ఊళ్లో పాత బండికి మడత ర్యాంపే మేలని మా అభిప్రాయం.

వాలు లెక్క తేలిక. ఎక్కాల్సిన ఎత్తును ర్యాంప్ పొడవుతో భాగిస్తే, బరువులో ఎన్నో వంతు తోయాలో వస్తుంది. 60 అంగుళాల ర్యాంప్, 10 అంగుళాల ఎత్తు, మొత్తం 200 పౌండ్ల బరువు అయితే సుమారు 33 పౌండ్ల తోపు. బండి ఒక పక్కకు వంగే ఏర్పాటు పనిచేసి ఎత్తు 8 అంగుళాలకు దిగితే 27 చాలు. డెబ్బై ఏళ్ల అమ్మే నాన్నగారిని తోయాల్సిన ఇంట్లో ఆ వంగే ఏర్పాటు తప్పక పనిచేయాలి.

వెనక తలుపు నుంచి ఎక్కే వ్యాన్లు చవక, మామూలు పార్కింగ్‌లో సరిపోతాయి. అయితే కుర్చీ ముందు వరుసకు రాదు, పైగా ర్యాంప్ కార్లు తిరిగే దారిలోకి దిగుతుంది. పక్క నుంచి ఎక్కేవాటికి పార్కింగ్‌లో పక్కనే చారలు గీసి ఖాళీగా వదిలిన చోటు కావాలి. వ్యాన్ గడి వెడల్పు 132 అంగుళాలైతే చారల చోటు 60 ఉండాలి, గడి 96 అయితే అదీ 96 ఉండాలి.

ఇక బండిలో కుర్చీని పట్టీలతో కట్టడం. కుర్చీ ముఖం ఎప్పుడూ బండి ముందువైపే. బ్రేకులు వేసి, పవర్ చైర్ అయితే స్విచ్ ఆపాలి. బండి ఫ్లోర్‌కున్న ముందు రెండు పట్టీలు, తర్వాత వెనక రెండు తగిలించి బిగించాలి. వెనక పట్టీలు నేల నుంచి 30-45 డిగ్రీలు, ముందువి 40-60 డిగ్రీల వాలులో ఉండాలి. కొక్కెం వెల్డింగ్ చేసిన ఫ్రేమ్‌కే పడాలి, చక్రాలకు, ఫుట్‌రెస్ట్‌కు, ఊడొచ్చే చేతి ఆనుకు (ఆర్మ్‌రెస్ట్‌కు) కాదు. బండిలో కట్టి ప్రయాణించడానికి పరీక్షించిన డబ్ల్యూసీ19 ప్రమాణం కుర్చీలకు నాలుగు చోట్ల కొక్కెం గుర్తు ఉంటుంది. ఇండియా నుంచి తెచ్చిన మడత కుర్చీకి సాధారణంగా ఆ గుర్తులుండవు. లేచి మారగలిగితే మనిషిని బండి సీట్లోకి మార్చి, కుర్చీని మడిచి కదలకుండా కట్టండి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: నాలుగు పట్టీలు కుర్చీనే ఆపుతాయి, మనిషిని కాదు. కుర్చీకున్న నడుం పట్టీ కూర్చోబెట్టడానికే. బండి బెల్టు విడిగా, చేతి ఆనుల కింద నుంచి తీసి, పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద, ఒకటి భుజం మీదుగా వేయాలి. మధ్యలో శాలువా, దిండు ఉంటే ముందు తీసేయండి. అంచులు పోగులు లేచిన పట్టీని మార్చాల్సిందే.

చూడ్డానికి వెళ్లేటప్పుడు మనిషినీ కుర్చీనీ తీసుకెళ్లండి. ఇంజిన్ ఆపి ర్యాంప్‌ను వరసగా మూడుసార్లు దించి ఎక్కించండి. మధ్యలో ఆగితే తరచు కారణం నీరసించిన బ్యాటరీ, లేదంటే తలుపు దగ్గర మురికి పట్టిన కాంటాక్టులు, గాడిలో ఇసుక. తర్వాత కరెంటు లేకుండా చేత్తో దించే లివర్ ఎక్కడుందో అమ్మేవారినే చూపించమని అడిగి, మీరే ఒకసారి దించి చూడండి.