పిల్లలకు కీర్తనలతో ప్రాస, అనుప్రాస నేర్పడం ఎలా?

సండే స్కూల్లో వాక్యం కంఠతా పెట్టిస్తాం. అది చెవికి ఎంత ఇంపుగా ఉందో మాత్రం పిల్లలకు చూపించం. బైబిల్లోని కీర్తనలు పాడుకోవడానికి పుట్టినవి. వాటిలోని శబ్దం పట్టుబడితే పిల్లలు సొంతంగా స్తుతి కడతారు.

1. ముందే పేర్లు చెప్పి టెన్షన్ పెట్టొద్దు. 136వ కీర్తన తీయండి. 26 వచనాల్లోనూ “ఆయన కృప నిరంతరముండును” అని వస్తుంది. మొదటి సగం మీరు చదవండి, ఆ మాట పిల్లలంతా అనాలి. నాట్లేసేటప్పుడు ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవడం మన పల్లె పిల్లలు విన్నదే. రెండు వచనాలకే అందుకుంటారు. అప్పుడు చెప్పండి, దీన్ని మకుటం అంటారని.

2. పిల్లల్ని చర్చి ఆవరణలోకి తీసుకెళ్లి కాసేపు మాట్లాడకుండా నిలబెట్టండి. ఏమేం వినిపించాయో చెప్పించి బోర్డు మీద రాయండి. దేవరకొండ వైపు మేకల మెడలో గంటల గణగణ, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ గలగల, వానొస్తే రేకుల మీద టపటప. తర్వాత 150వ కీర్తన చదివించండి. బూర, తంబుర, పిల్లనగ్రోవి, తాళాలు ఒక్కోటి ఎలా మోగుతాయో నోటితో అనిపించండి. ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు, ఒక ఆదివారమంతా ఇచ్చినా తక్కువే.

3. అంత్యప్రాసకు, అంటే పాదాల చివర ఒకే శబ్దం రావడానికి, 23వ కీర్తన చాలు: “పరుండజేయుచున్నాడు”, “నడిపించుచున్నాడు”. అయితే ఇది తెలుగు అనువాదంలో వినిపించే ప్రాస. కీర్తనల మూలభాష హీబ్రూ. ఆ భాషలో కవిత్వం చివరి ప్రాస మీద ఆధారపడదు. ఒక పాదంలో చెప్పిన భావాన్నే తర్వాతి పాదంలో మరోలా చెబుతుంది. పెద్దపిల్లలకు ఈ తేడా తప్పక చెప్పండి.

4. హీబ్రూలో 119వ కీర్తన అక్షరాల వరుసలో నడుస్తుంది: 22 అక్షరాలు, ఒక్కోదానికి 8 వచనాలు. ఆ పద్ధతిలో ఒక్కొక్కరు తమ పేరులోని మొదటి అక్షరం మళ్లీ మళ్లీ వినిపించేలా ఒక వాక్యం కట్టాలి. “కాలువ కట్ట మీద కొంగల్ని కాచే కరుణామయుడు” అంటే అనుప్రాస వచ్చినట్టే.

5. ఇక రెండో అక్షరం ప్రాస:

చుక్కలు చేసిన దేవునికి
మొక్కుదామందరం కలిసి

రెండు చోట్లా ‘క్క’ ఉంది, చూపించండి. ప్రాస కుదిరింది కదా అని దేవుని గురించి నిజం కాని మాట రాస్తే ఒప్పుకోవద్దు. ప్రాస పోయినా సరే, మాట మార్పించండి.

6. వచ్చే ఆదివారం ఎవరి పాదాలు వాళ్లే ఆరాధనలో చదవాలి. రాయడం రాని చిన్నవాళ్లు నోటితో చెబితే, పెద్దవాళ్లు రాసిపెట్టాలి.