చిన్నపిల్లలతో అట్లాంటా జార్జియా అక్వేరియంకి వెళ్ళిరావడం ఎలా?

మా పెద్దాడికి నాలుగున్నర, చిన్నదానికి ఇంకో రెండు నెలల్లో మూడు నిండుతాయి, అమ్మ కాకినాడ నుంచి వచ్చి ప్రస్తుతం మా దగ్గరే ఉంది, ఈ ముగ్గుర్నీ వెంటపెట్టుకుని జార్జియా అక్వేరియంకి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళొచ్చాం. మొదటిసారి అంత డబ్బు పోసి టికెట్లు కొన్నాం కదా అని ఒక్క మూల కూడా వదలకుండా చూపించేయాలని పిల్లల్ని లాక్కుంటూ తిరిగాం, మధ్యాహ్నం రెండు అయ్యేసరికి చిన్నది నేలమీద పడి ఏడుపు, పెద్దాడేమో బెలూగా (తెల్లటి తిమింగలం) దగ్గర్నుంచి కదలనని మొండిపట్టు. వాడు అన్నదే కరెక్టు అని నాకు ఇంటికొచ్చాక అర్థమైంది. ఈ వయసు పిల్లలకి ఒక్క చేపని తనివితీరా చూడనిస్తే చాలు, యాభై చూపించక్కర్లేదు. అందుకే కింద నేను చెప్పేదంతా తక్కువ చూసి బాగా చూడటం ఎలా అన్నదాని గురించే.

టికెట్టు, రోజు

టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి. రోజునిబట్టి రేటు మారుతుంది, పైగా ఏ తారీఖున ఏ టైముకి లోపలికి వెళ్తారో ముందే ఎంచుకోవాలి, అక్కడికెళ్ళి కౌంటర్ దగ్గర చూసుకుందాంలే అనుకుంటే చంకలో పిల్లతో నిలబడి ఉంటారు. రెండేళ్ళ వరకు పిల్లలకి టికెట్ లేదు, అంటే మూడో పుట్టినరోజు లోపు ఎన్నిసార్లు వెళ్తే అంత లాభం.

థాంక్స్‌గివింగ్ వారం, స్ప్రింగ్ బ్రేక్, లాంగ్ వీకెండ్లు వద్దే వద్దు. వీక్‌డే అయితే బాగుంటుంది కానీ ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పూట స్కూల్ బస్సులు వస్తాయి, ఆ రోజుల్లో మాత్రం మధ్యాహ్నం స్లాట్ తీసుకోవడం మేలు. మిగతా అన్ని రోజుల్లో తలుపులు తెరిచే టైముకే అక్కడ ఉండండి, ఎలాగూ పిల్లలు ఆరింటికే లేచి మన మీద ఎక్కి కూర్చుంటారు కదా.

ముందురోజు రాత్రి

పిల్లల్ని కూర్చోబెట్టి రేపు ఏం చూడబోతున్నామో మూడే మూడు చెప్పండి. మేము వేల్ షార్క్ (చుక్కలుండే పెద్ద సొర చేప), బెలూగా, నీటికుక్కలు అని చెప్తాం. ఆ మూడు చూశాక మిగతావి కనిపిస్తే సంతోషం, కనిపించకపోతే ఇంకోసారి. ఇలా ముందే చెప్తే పిల్లలు కూడా వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ తిరుగుతారు, మనకీ ఇంకా అది చూడలేదే ఇది చూడలేదే అన్న ఆరాటం తగ్గుతుంది.

బ్యాగ్‌లో ఒక్కొక్కళ్ళకి ఒక జత బట్టలు (చేపల్ని ముట్టుకోనిచ్చే తొట్టి, అదే టచ్ పూల్, దగ్గర మోచేతుల దాకా తడుస్తారు), డైపర్లు, వైప్స్, నీళ్ళ సీసా, పల్చటి స్వెటర్లు. స్వెటర్లు మాత్రం మర్చిపోకండి, బయట ఎండ మండిపోతున్నా చల్లటి నీళ్ళ జంతువుల వైపు వెళ్తే పిల్లలకి చలేస్తుంది, అమ్మయితే శాలువా తీసి కప్పుకుంది. స్ట్రాలర్ తీసుకెళ్ళండి, నడిచే పిల్లలైనా సరే, మధ్యాహ్నానికి అది మంచంలా పనికొస్తుంది.

బయల్దేరడం

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్ వైపు, హైవే 400 ఎక్కితే ట్రాఫిక్‌ని బట్టి ఎంతసేపు పడుతుందో చెప్పలేం. అక్వేరియంకి సొంత పార్కింగ్ డెక్ ఉంది, దానికి వేరే డబ్బులు, టికెట్‌తో పాటే అదీ కొనేసుకోవచ్చు. డౌన్‌టౌన్‌లో డ్రైవింగ్ అంటే చిరాకుపడేవాళ్ళు నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్ దగ్గర కారు పెట్టేసి మార్టా (అట్లాంటా సిటీ రైలు) ఎక్కి పీచ్‌ట్రీ సెంటర్‌లో దిగితే అక్కడ్నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. ఆ స్టేషన్‌లో ఎస్కలేటర్ చాలా పొడుగు, మా పెద్దాడికి సగం ట్రిప్పు అక్కడే అయిపోయినంత సంబరం. స్ట్రాలర్ ఉంటే మాత్రం లిఫ్ట్ వెతుక్కోండి. చిన్నపిల్ల కారులో దారిలోనే నిద్రపోతే లేపి తీసుకెళ్ళడం నరకం, అందుకే వెళ్ళేటప్పుడు పాటలు పాడిస్తూ కబుర్లు చెప్పిస్తూ తీసుకెళ్ళి, తిరుగు ప్రయాణం సరిగ్గా నిద్ర టైముకి పడేలా చూసుకుంటాం.

లోపలికెళ్ళగానే

మధ్యలో పెద్ద హాలు, దాని చుట్టూ ఒక్కో గ్యాలరీకి ఒక్కో ద్వారం, అలా ఉంటుంది ఇక్కడ. ఇది పిల్లలున్నవాళ్ళకి చాలా సుఖం, ఎక్కడ ఏడుపు మొదలైనా బయటికొచ్చేసి హాల్లో కాసేపు కూర్చుని మళ్ళీ వెళ్ళొచ్చు. చాలామంది ఎదురుగా ఏది కనిపిస్తే దాంట్లోకి దూరిపోతారు, మీరు మాత్రం నేరుగా వేల్ షార్క్ ఉండే ఓషన్ వాయేజర్ గ్యాలరీకి వెళ్ళండి. జనం రాకముందు అక్కడి అద్దాల సొరంగం ఖాళీగా ఉంటుంది, వంద అడుగుల పొడుగు, కింద నడిచే బెల్టు, పైన పక్కన అంతా నీళ్ళు, పిల్లలు తల పైకెత్తి మన చెయ్యి పట్టుకుని అలా నిలబడిపోతారు. రెండుసార్లు తిప్పండి పర్లేదు.

సొరంగం దాటాక ఒక పెద్ద కిటికీ వస్తుంది, అసలు సంగతి అక్కడుంది. 61 అడుగుల వెడల్పు, 23 అడుగుల ఎత్తు, అంటే మన రెండంతస్తుల మేడంత. వెనకాల ఉన్న నీళ్ళు 63 లక్షల గ్యాలన్లు, మన లెక్కలో దగ్గర దగ్గర 2 కోట్ల 40 లక్షల లీటర్లు. ఇక్కడ ఫోన్ బ్యాగ్‌లో పెట్టేసి పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేలమీద కూర్చోండి, కనీసం అరగంట. మొదటి అయిదు నిమిషాలు పిల్లలు అటూఇటూ పరిగెడతారు, పరిగెత్తనివ్వండి, తర్వాత వాళ్ళే వచ్చి కూర్చుంటారు.

వేల్ షార్క్ వచ్చేటప్పుడు ముందు నీలంగా ఒక నీడ కనిపిస్తుంది, ఏదో గోడ కదిలినట్టు, తర్వాత వెడల్పాటి తల, ఆ తల మీద తెల్లటి చుక్కలు, వీపంతా ముగ్గు పెట్టినట్టు చుక్కలూ గీతలూ. కన్ను చూస్తే ఇంత పెద్ద ఒంటికి అంత చిన్న కన్నేంటి అనిపిస్తుంది. మా అమ్మ మొదటిసారి చూసి చేతులు జోడించి "ఓలమ్మో, సొర చేపే, ఎంతుందో చూడు, చుక్కల సొర" అంది, అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు చుక్కల సొర. రే చేపల్ని చూసి టేకు చేప అంది, పీతల్ని చూసి ఇంత పీతని ఏ గిన్నెలో వండుతారే అంది. పక్కన అమ్మమ్మ తాతయ్య ఉంటే వాళ్ళనే చెప్పనివ్వండి, పేర్లన్నీ తెలుగులో పిల్లలకి దొరుకుతాయి, సొర, టేకు, తాబేలు, పీత, నత్తగుల్ల, నక్షత్ర చేప, సముద్రపు గుర్రం. మా పెద్దాడు ఇప్పుడు ప్రీస్కూల్‌లో కూడా స్టింగ్‌రే బొమ్మ చూస్తే టేకు అంటాడు, నాకు ఎంత ముచ్చటగా ఉంటుందో.

చుక్కల సొర ఒక చుట్టు తిరిగి మళ్ళీ అదే కిటికీ ముందుకి వస్తుంది, ఆ తెలిసిన చేప మళ్ళీ వచ్చిందన్న ఆనందం పిల్లలకి కొత్త చేప చూసినదానికంటే ఎక్కువ.

పిల్లలు అడిగేవి, మనం చెప్పగలిగేవి

అద్దం పగిలిపోతే? ఈ ప్రశ్న అందరు పిల్లలూ అడుగుతారు, నవ్వి తీసేయకండి, వాళ్ళకి నిజంగా భయం. అది మామూలు అద్దం కాదు నాన్నా, అక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్, రెండు అడుగుల మందం అని చెప్పి, మీ రెండు చేతుల మధ్య ఆ మందం ఎంతో చూపించండి. మావాడు తన పొట్ట దగ్గర్నుంచి కొలుచుకుని సరే అన్నాడు.

చుక్కల సొర మనల్ని తింటుందా? తినదు, దాని నోరు ఎంత పెద్దదైనా గొంతు చాలా చిన్నది, నీళ్ళు లోపలికి తీసుకుని చిన్నచిన్న రొయ్యపిల్లల్లాంటి వాటినీ కంటికి సరిగ్గా కనిపించని ప్లాంక్టన్‌నీ వడకట్టుకుని తింటుంది. జల్లెడ చూపించి చెప్తే ఇంకా బాగా అర్థమవుతుంది, మేము ఇంటికొచ్చాక టీ వడకట్టే గంటెతో చూపించాం.

ఇది తిమింగలమా చేపా? ఇక్కడ ఒక చక్కటి ఆట ఉంది. వేల్ షార్క్ పేరులో వేల్ ఉంది కానీ అది చేప, మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది, తోక పక్కలకి ఊపుతుంది. తర్వాత మీరు చూడబోయే బెలూగా తిమింగలం జాతి, పిల్లలకి పాలిస్తుంది, గాలి కోసం పైకి వస్తుంది, తోక పైకీ కిందకీ ఊపుతుంది. పిల్లల్ని చేత్తో తోక ఆడించి చూపించమనండి, చుక్కల సొర అయితే ఇటూ అటూ, బెలూగా అయితే పైకీ కిందకీ. మా చిన్నది కూడా ఇది పట్టేసింది, ఇప్పుడు ఏ బొమ్మ చేప చూసినా ముందు చెయ్యి ఊపుతుంది.

చుక్కల సొరని ఎందుకు ఇక్కడ పెట్టారు, వాళ్ళ అమ్మ దగ్గరికి పంపించేయొచ్చుగా? ఇది మా పెద్దాడు అడిగాడు, నేను వెంటనే ఏం చెప్పాలో తెలియక కాసేపు ఆగాను. మనం చూసి తెలుసుకోవడానికి మనుషులే తెచ్చి పెట్టారు నాన్నా అని ఉన్నమాటే చెప్పాను, చాలామంది ఇది తప్పని కూడా అంటారని చెప్పాను. ఆ తర్వాత మన విశాఖ సంగతి చెప్పాను. 2022లో తంతడి బీచ్‌లో పెద్ద వేల్ షార్క్ ఒడ్డున చిక్కుకుంటే ఫారెస్ట్ వాళ్ళు, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపించారు, ఇండియాలో 2001 నుంచి ఈ చేపని పట్టడం చట్టరీత్యా నేరం. అంటే అమ్మమ్మ వాళ్ళ సముద్రంలో కూడా ఉంటుందా అని వాడి కళ్ళు ఇంతయ్యాయి. ఉంటుంది నాన్నా.

రెండోది, మూడోది

చల్లటి నీళ్ళ గ్యాలరీ పేరు కోల్డ్ వాటర్ క్వెస్ట్. బెలూగాలు తెల్లగా, నవ్వుతున్నట్టు మొహం పెట్టుకుని ఉంటాయి, చాలా తిమింగలాల్లా కాకుండా మెడ తిప్పగలవు, అందుకే అద్దం దగ్గరికి వచ్చి మన వైపు తల తిప్పి చూస్తే పిల్లలు తమనే పలకరించిందనుకుంటారు. అద్దం మీద కొట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. పెంగ్విన్ల దగ్గర పిల్లలు పాక్కుంటూ వెళ్ళి లోపల్నుంచి తల పెట్టి చూసే చోటు ఉంది, మోకాళ్ళు బాగున్నవాళ్ళెవరో ఒకరు వెనకాలే వెళ్ళండి. మంచు ఏదీ అని అడుగుతారు, ఇవి ఆఫ్రికా పెంగ్విన్లు, మంచు లేని చోటివే. నీటికుక్కలు వెల్లకిలా పడుకుని పొట్ట మీద పెట్టుకుని తింటుంటే అది మాకు భోజనం టైము అయిందని గుర్తు చేస్తుంది.

డాల్ఫిన్ షో, సీ లయన్ షో టైములు వెళ్ళేముందు యాప్‌లోనో సైట్‌లోనో చూసుకోండి. మూడేళ్ళలోపు పిల్లలకి ఆ సౌండు, లైట్లు కొంచెం ఎక్కువే, మాది చెవులు మూసుకుని నా భుజంలో మొహం దాచేసుకుంది, అందుకే చివరి వరసలో బయటికి దగ్గరగా కూర్చుంటాం. టచ్ పూల్‌లో రెండు వేళ్ళతో మెల్లగా, పిల్లికూనని నిమిరినట్టు నిమరమనాలి. అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి.

చీకట్లో జాగ్రత్త

ఇది నేను చాలా సీరియస్‌గా చెప్తున్నాను. ఇంకో ఊళ్ళో ఒక అక్వేరియంలో జెల్లీ ఫిష్ గదిలో, మా ఆయన దగ్గర ఉన్నాడని నేను, నా దగ్గర ఉన్నాడని ఆయన, పెద్దాడు రెండు నిమిషాలు ఎవరి దగ్గరా లేడు. ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఆగినంత పనవుతుంది. పక్క ట్యాంకు దగ్గరే ఉన్నాడు, చీకట్లో నల్ల టీషర్టు వల్ల కనిపించలేదంతే. అప్పట్నుంచి మా ఇంట్లో పద్ధతి ఏంటంటే, పసుపో నారింజో కొట్టొచ్చినట్టు కనిపించే రంగు టీషర్టులు, బయల్దేరేముందు ఆ బట్టల్లో ఒక ఫోటో, చేతి మీద పెన్నుతో మా ఫోన్ నంబరు, ఇంకా ప్రతి గదిలోకి వెళ్ళేముందు పెద్దాడు ఎవరికి, చిన్నది ఎవరికి అని నోటితో చెప్పుకోవడం. తప్పిపోతే అక్కడే నిలబడి గట్టిగా అమ్మా అని అరవమని, లేదంటే అక్కడ పనిచేసే యూనిఫాం వేసుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళమని కూడా ఇంట్లోనే నేర్పాం.

తిండి

బయటి తిండి లోపలికి తేనివ్వరు, చంటిపిల్లల ఆహారం వరకు పర్లేదు, వెళ్ళేముందు సైట్‌లో ఒకసారి చూసుకోండి. లోపల కెఫేలో పిజ్జా, ఫ్రైస్ లాంటివి దొరుకుతాయి, పిల్లలు ఎలాగూ అవే తింటారు, అమ్మలాంటి వాళ్ళకే ఇబ్బంది. మేము పొద్దున ఇడ్లీలు కడుపునిండా పెట్టి తీసుకెళ్ళి, పన్నెండున్నరకి బయటికొచ్చేసి, కారులో కూలర్‌లో పెట్టిన పెరుగన్నం, పులిహోర తీసుకుని దగ్గర్లోనే ఉన్న సెంటెన్నియల్ ఒలింపిక్ పార్క్‌లో చెట్టు కింద తింటాం. 1996 ఒలింపిక్స్‌కి కట్టిన పార్క్ అది, ఒలింపిక్ రింగుల ఆకారంలో ఫౌంటెన్ ఉంటుంది, ఎండాకాలం పిల్లలు దాంట్లో తడిసి ముద్దవుతారు, అందుకే ఆ రెండో జత బట్టలు.

బయటికి వచ్చేముందు

గిఫ్ట్ షాప్ దాటకుండా బయటపడటం కష్టం. ఒక్కొక్కళ్ళకి ఒక్కటే, ఇంత డబ్బులోపే అని పొద్దున్నే కారులో మాట తీసుకోండి, షాపులోకి వచ్చాక చెప్తే ఏడుపే.

ఏడాదిలో రెండోసారి వచ్చే ఉద్దేశం ఉంటే బయటికొచ్చే ముందు కౌంటర్ దగ్గర ఆగి, ఈ రోజు టికెట్ డబ్బులు ఏడాది పాస్‌లో సర్దుతారేమో అడగండి. మేము పాస్ తీసుకున్నాక గంటన్నరకే పిల్లలు అలిసిపోయినా బాధ లేదు, లేచి వచ్చేస్తాం. పోయినసారి అయితే చుక్కల సొరని మాత్రమే చూసి వచ్చాం, పిరానాలు, ఎలక్ట్రిక్ ఈల్ ఉన్న నదుల గ్యాలరీ వైపు ఇంకా ఒక్కసారి కూడా సరిగ్గా వెళ్ళలేదు, అమ్మ కాకినాడ వెళ్ళేలోపు అది చూపించాలి.