పర్సనాలిటీ టెస్ట్‌తో మనల్నీ, మనవాళ్లనీ అర్థం చేసుకోవడం ఎలా?

కిందటేడాది తొలేళ్ల రాత్రి, అంటే పైడితల్లమ్మ సిరిమాను ఊరేగింపుకి ముందురోజు రాత్రి, విజయనగరంలో మా అప్ప (అక్క) ఇంట్లో ఇరవై మందిమి చేరాం. పైడితల్లమ్మ పండగకి ఆ ఊళ్లో ఏ ఇల్లయినా అంతే. వంటింట్లో గారెలు వేగుతున్నాయి, హాల్లో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. చూస్తే బావ లేడు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒక్కడూ కూర్చున్నాడు. "మావాళ్లొస్తే మీ బావకి ముళ్ల మీద కూర్చున్నట్టుంటాది" అంది అప్ప. పెళ్లయిన దగ్గర్నుంచీ అంటున్న మాటే.

సిరిమాను వెళ్లిపోయాక వచ్చిన ఆదివారం అప్ప, బావ, నేను ముగ్గురం కూర్చుని ఒక పర్సనాలిటీ టెస్ట్ రాశాం. అదెలా చేశామో చెబుతాను. గంట సమయం, కొన్ని తెల్లకాగితాలు, పెన్నులు చాలు.

1. ఏ టెస్ట్ రాయాలి?

ఫోన్లో వెతికితే ముందుగా తగిలేది నాలుగు అక్షరాల టెస్ట్, అదే ఎంబీటీఐ. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో రాసిన సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ దాన్ని తయారుచేశారు. ఇద్దరూ సైకాలజీ చదువుకున్నవాళ్లు కారు. ఆ టెస్ట్ మనుషులందర్నీ 16 రకాలుగా విడగొడుతుంది. సరదాకైతే బాగానే ఉంటుంది. చిక్కెక్కడంటే, అయిదడుగుల ఆరంగుళాల దగ్గర గీత గీసి పైవాళ్లంతా పొడుగు, కిందివాళ్లంతా పొట్టి అన్నట్టుంటుంది. ఎక్కువమంది ఆ గీతకి అటూ ఇటూ దగ్గర్లోనే ఉంటారు. అందుకే ఈ నెల ఒక రకం వచ్చినవాళ్లకి వచ్చే నెల ఇంకో రకం వస్తుంటుంది.

సైకాలజీ పరిశోధకులు ఎక్కువగా వాడేది 'బిగ్ ఫైవ్'. అది మాటల్లోంచి పుట్టింది. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లిష్ నిఘంటువు ముందేసుకుని మనిషి తీరు చెప్పే మాటలు దాదాపు 18 వేలు ఏరారు. మనకి పిసినారి, నోటిదురుసు, చాదస్తం, నెమ్మదస్తుడు అని లేవూ, అలాంటివన్నమాట. తర్వాతివాళ్లు దశాబ్దాల పాటు వాటిని గుదిగుచ్చితే చివరికి అయిదు గుణాలు తేలాయి: కొత్త విషయాల మీద ఆసక్తి, పద్ధతిగా పని చేయడం, పదిమందిలో కలుపుగోలుతనం, ఎదుటివాళ్ల మీద కనికరం, టెన్షన్ పడే గుణం. రకాలేమీ ఉండవు. ఒక్కో గుణం ఎంత ఉందో కొలుస్తారు, అంతే.

మేం రాసింది ఈ అయిదు గుణాల్నే కొలిచే చిన్న టెస్ట్, 2006లో వచ్చిన 'మినీ ఐపిప్'. 20 ప్రశ్నలే. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. డబ్బులో, ఆధార్ నంబరో అడిగే సైటు కనిపిస్తే వెంటనే బయటికొచ్చేయండి.

2. ప్రశ్నల్ని మన మాటల్లోకి తెచ్చుకోండి

మొదటి ప్రశ్నే పార్టీల గురించి. మా అప్ప జీవితంలో పార్టీకి వెళ్లలేదు. పేరంటాలకీ పెళ్లిళ్లకీ వెళ్తుంది. అందుకని "పదిమందిలో ఉంటే సందడంతా నాదే" అని మార్చుకున్నాం. దీనికి కాసేపు పట్టింది కానీ అసలు సరదా అక్కడే. ప్రతి ప్రశ్నకీ 1 (అస్సలు కాదు) నుంచి 5 (అచ్చం నేనే) వరకు మార్కు వేసుకోవాలి.

మీరెలా ఉండాలనుకుంటున్నారో కాదు, మామూలు రోజుల్లో ఎలా ఉంటారో రాయండి. గొడవ పడ్డ రోజున రాయకండి. నేనొకసారి ఉద్యోగం కోసం ఇలాంటి టెస్టే రాసి, అన్నిటికీ 'చాలా క్రమశిక్షణ' అని టిక్కులు కొట్టాను. ఉద్యోగం వచ్చింది. రోజంతా బిల్లులు సరిచూసే పని. నాలుగు నెలలకి పారిపోయొచ్చాను.

3. లెక్క వేయడం

ఒక్కో గుణానికి నాలుగు ప్రశ్నలు, అంటే 4 నుంచి 20 లోపు వస్తుంది. కొన్ని ప్రశ్నలు తిరగేసి అడుగుతారు. "తీసిన వస్తువు తీసినచోట పెట్టడం మర్చిపోతుంటాను" అన్నదానికి 5 వేసుకుంటే పద్ధతి లెక్కలో అది 1 అవుతుంది. వేసుకున్న మార్కుని ఆరులోంచి తీసేయడమే.

పెద్ద టెస్టులు ఆన్‌లైన్‌లో రాస్తే 30, 70 అని పర్సెంటైల్ ఇస్తాయి. అది పరీక్ష మార్కు కాదు. 30 వస్తే, నూటికి సుమారు ముప్ఫైమందికి మీకంటే తక్కువ వచ్చిందని అర్థం. 35 దాటకపోతే ఫెయిలని కంగారు పడకండి.

ఫలితంతో పాటు తియ్యటి మాటలేమైనా ఇస్తే వాటిని పక్కన పెట్టండి. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ 39 మంది విద్యార్థులకి టెస్ట్ పెట్టి, అందరికీ ఒకే వర్ణన రాసిచ్చాడు. ఎవరికి వారు అది తమకోసమే రాశాడనుకుని 5కి సగటున 4.26 వేశారు. ఆ వాక్యాలేమో జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి! మీ ఫలితం మీ తమ్ముడికి చదివి వినిపించండి. వాడూ "అచ్చం నేనే" అంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

4. మీ గురించి ఇంకొకరి చేత రాయించండి

చాలామంది వదిలేసేది ఇదే. నాకైతే టెస్టంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. మీతో కలిసి ఉండేవాళ్లు మీ గురించి అవే 20 ప్రశ్నలకి విడిగా మార్కులు వేయాలి. ముందే ఒకరి కాగితం ఒకరు చూడకూడదు.

పద్ధతిలో నాకు నేను 16 వేసుకున్నాను. అప్ప 9 వేసింది. "ఎందుకే?" అంటే, "మొన్న నీ బండి తాళం ఎక్కడ దొరికింది?" అంది. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె మీద. ఇంకేం మాట్లాడతాను?

నాలుగు మార్కులకి మించి తేడా వస్తే వాదించకండి, ఒక సందర్భం చెప్పమని అడగండి. బయటికి కనిపించే అలవాట్లలో పక్కవాళ్ల లెక్కే తరచు నిజం. లోపలి టెన్షన్ మాత్రం మనకే తెలుస్తుంది. బావకి టెన్షన్‌లో అప్ప 6 వేస్తే, తను 15 వేసుకున్నాడు. అప్ప రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "నీకు టెన్షనేటి? ఎప్పుడు?" "పిల్ల హాస్టల్ ఫీజు కట్టే నెలంతా నిద్ర పట్టదు. నువ్వు పడుకున్నాక లేచి వరండాలో కూర్చుంటాను." కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఈ మార్కులు జబ్బు సంగతి చెప్పవు. నిద్రలేమి, దిగులు రెండు వారాలు దాటి వదలకపోతే డాక్టర్‌ని కలవండి. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

5. ఫలితాన్ని ఇంట్లో వాడుకోవడం

బావకి కలుపుగోలుతనంలో వచ్చింది 6. అంటే చుట్టాలంటే పడదని కాదు, ఇరవై గొంతులు ఒక్కసారి వింటే అలిసిపోతాడని. ఆ మార్కు చూపించి "నువ్వింతే" అని ముద్ర వేస్తే మాత్రం టెస్ట్ రాయకముందే నయం. పెళ్లి సంబంధాలకి జాతకం బదులు ఇది పట్టుకెళ్లడమూ వద్దు.

ఈ ఏడాది తొలేళ్లకి అప్ప ఆయనకో పని అప్పజెప్పింది. ఆర్టీసీ కాంప్లెక్సులో దిగిన చుట్టాల్ని బండి మీద ఒక్కొక్కర్నే ఇంటికి తేవడం. రాత్రి తొమ్మిదింటికి ఆఖరి ట్రిప్పులో మా పెద్దమ్మని దింపాడు. ఆవిడ బండి దిగుతూనే, "మీ ఆయన ఇన్ని కబుర్లు చెప్తాడని నాకెవరూ చెప్పలేదేటే!" అంది అప్పతో.